పోస్ట్‌డాక్ వెతుకులాటలో దైవమెంత, పురుషకారమెంత

పిహెచ్‌డి పూర్తిచేసినవారు అధ్యాపకులుగా స్థిరపడే లోపు రెండు మూడేళ్లు ఏదైనా విశ్వవిద్యాలయంలోనో పరిశోధన సంస్థలోనో చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాన్ని పోస్ట్‌డాక్ అంటారు. ఆ ఉద్యోగంలో ఉన్నవారిని విద్యార్థి అనలేం, చదువు ముగిసింది. ఆచార్యుడూ అనలేం, పదవి లేదు. ఈ నడిమి దశకు వందేళ్ల చరిత్ర ఉంది. అమెరికాలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఇచ్చిన డబ్బుతో నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ 1919లో భౌతిక, రసాయన శాస్త్రాల్లో ఇలాంటి ఫెలోషిప్‌లు మొదలుపెట్టింది. అప్పట్లో అది ఏ కొద్దిమందికో దక్కే గౌరవం. ఇప్పుడు ప్రయోగశాల శాస్త్రాల్లో అది లేనిదే అధ్యాపక పదవికి దరఖాస్తు పెట్టడమే కష్టం. కొందరు ఒకటి అయ్యాక రెండోది, రెండోది అయ్యాక మూడోది చేస్తూ నలభైకి దగ్గరపడుతుంటారు.

అలాంటి చోటు దొరికిన వారికి అది తమ ప్రతిభ వల్లే దొరికిందని చెప్పవచ్చా? దొరకని వారు తమలో ఏదో లోపం ఉందని నమ్మాలా? కృషికీ ఫలానికీ ఉన్న సంబంధం గురించి భారతీయ ఆలోచనాపరులు రెండు వేల ఏళ్లకు పైగా వాదించుకున్నారు. దైవం, పురుషకారం అన్న జంట ఆ వాదంలోదే. పోస్ట్‌డాక్ వెతుకులాటను ఆ వాదం ముందు పెట్టి చూస్తే రెండింటి గురించీ కొన్ని సంగతులు తేటపడతాయి.

ముందు పురుషకారం సంగతి. పోస్ట్‌డాక్ దొరికే దారులు ప్రధానంగా రెండు. ఒకటి ప్రాజెక్టు ఉద్యోగం. ఒక ఆచార్యుడికి గ్రాంటు వస్తుంది, అందులో ఒక పరిశోధకుడి జీతం ఉంటుంది. ఆయన ప్రకటన ఇస్తారు, లేదా తెలిసినవాళ్ల చెవిన వేస్తారు. రెండోది ఫెలోషిప్. ఇక్కడ అభ్యర్థి తన సొంత పరిశోధన ప్రతిపాదన రాసుకుని, తనను చేర్చుకోవడానికి ఒక ఆచార్యుణ్ణి ఒప్పించి, నిధులిచ్చే సంస్థకు దరఖాస్తు పెడతారు. ఐరోపా యూనియన్ వారి మేరీ క్యూరీ ఫెలోషిప్, జర్మనీలో హంబోల్ట్ ఫౌండేషన్, జపాన్‌లో జెఎస్‌పిఎస్ ఇచ్చేవి, మన దేశంలో నేషనల్ పోస్ట్‌డాక్టొరల్ ఫెలోషిప్ ఈ రకంలోవి. మన దేశపు ఫెలోషిప్‌ను ఇదివరకు సెర్బ్ అనే ప్రభుత్వ సంస్థ చూసుకునేది. ఆ సంస్థ 2023 నాటి చట్టంతో అనుసంధాన్ నేషనల్ రిసెర్చ్ ఫౌండేషన్‌లో కలిసిపోయింది.

ఏ దారిన వెళ్లినా పని థీసిస్ సమర్పించడానికి కనీసం ఏడాది ముందు మొదలవ్వాలి. ఫెలోషిప్ గడువులు ఏడాదికి ఒకటో రెండో ఉంటాయి, గడువుకూ ఫలితానికీ మధ్య నాలుగైదు నెలలు పడుతుంది, ఫలితం వచ్చాక వీసాకు మరి కొన్ని నెలలు. ఈ లెక్క తెలియక పట్టా వచ్చాక మొదలుపెట్టిన వాళ్లకు ఏడాది ఖాళీ తప్పదు.

ఈ పనిలో అందరూ తేలిగ్గా తీసుకునేది ఆచార్యుడికి రాసే మొదటి ఉత్తరాన్ని. మీ పరిశోధన నన్ను ఎంతో ఆకట్టుకుంది, మీ బృందంలో అవకాశం ఉంటే తెలియజేయగలరు, అని పేరు మాత్రం మార్చి వందమందికి పంపే ఉత్తరం మొదటి వాక్యంలోనే పట్టుబడుతుంది. జవాబు తెచ్చే ఉత్తరం అరపేజీ దాటదు. అవతలివారి ఫలానా వ్యాసంలో తేలకుండా మిగిలిన ప్రశ్న ఏమిటో ఒక వాక్యంలో ఉంటుంది. తన థీసిస్‌లో తేల్చినది ఆ ప్రశ్నకు ఎలా పనికొస్తుందో రెండు వాక్యాల్లో ఉంటుంది. చివర అడిగేది ఒక్కటే ఉంటుంది: ఫలానా ఫెలోషిప్‌కు సెప్టెంబరులో దరఖాస్తు పెడుతున్నాను, మీ దగ్గర చేరడానికి ఒప్పుకుంటారా అని. ఆ మూడు వాక్యాలు రాయడానికి ఆ ఆచార్యుడి వ్యాసాలు నాలుగైదు చదవాలి. అలా చదివి రాసే ఓపిక పది పదిహేను మంది విషయంలోనే ఉంటుంది కాబట్టి, ఎవరికి రాయాలో ఎంచుకోవడం కూడా పరిశోధనలో భాగమే అవుతుంది. రెండు వారాలు చూసి మర్యాదగా ఒకసారి గుర్తుచేయవచ్చు. ఇక సిఫారసు లేఖలు. ఇవి అభ్యర్థి కంటపడకుండా నేరుగా వెళ్తాయి. ఎవరు రాస్తారో ఎంచుకోవడం, వాళ్లకు నెల ముందు చెప్పడం, తన ప్రతిపాదన చిత్తుప్రతి వాళ్ల చేతిలో పెట్టడం మాత్రమే అభ్యర్థి చేతిలో ఉన్న పనులు.

ఇవన్నీ చేసినవాళ్లకు పోస్ట్‌డాక్ దొరుకుతుందా? చేయనివాళ్ల కంటే వీళ్లకు అవకాశం చాలా ఎక్కువ. కానీ అన్నీ చేసినవాళ్లలోనూ ఎక్కువమందికి మొదటి ప్రయత్నంలో దొరకదు. మేరీ క్యూరీ ఫెలోషిప్‌ల 2024 పిలుపుకు పదివేలకు పైగా దరఖాస్తులు వస్తే, దక్కినవి పదిహేడు వందల లోపు. మిగిలిన ఎనిమిదివేల పైచిలుకు మందిలో పురుషకారం లోపించిందని ఎవరూ అనలేరు.

మహాభారతం వనపర్వంలో ద్రౌపది మాట్లాడేది సరిగ్గా ఈ ఘట్టం గురించే. రాజ్యం పోయి అడవిలో ఉన్న ధర్మరాజు క్షమ గొప్పదని చెబుతుంటే ఆమె ఒప్పుకోదు. అంతా దైవమే చూసుకుంటుందని కూర్చున్నవాడూ, అంతా కాకతాళీయమే అనుకునేవాడూ ఇద్దరూ అధములేనని ఆమె మాట. ఫలం కొంత యాదృచ్ఛికంగా, కొంత దైవం వల్ల, కొంత మనిషి పూనిక వల్ల వస్తుందని మూడు కారణాలు చెబుతుంది. ఆ తర్వాత రైతు సంగతి ఎత్తుతుంది. రైతు నాగలి పట్టి దున్నుతాడు, విత్తుతాడు, ఇక ఆపై భారం మేఘానిది. వాన రాకపోతే పంట పోతుంది గానీ రైతు దోషి కాడు. తోటి రైతులు చేసిందంతా తానూ చేశాడు కనుక అతను తనను తాను నిందించుకోనక్కర్లేదు అంటుంది ఆమె. కృషి చేయని దోషం వేరు, ఫలం రాకపోవడం వేరు. ఈ రెంటినీ విడదీసి చెప్పడం ఆ ప్రసంగంలోని గొప్పతనం. ఈ తెలివి తనకు ఎలా వచ్చిందో కూడా ద్రౌపది చెబుతుంది. తండ్రి ఒక పండితుణ్ణి తన ఇంట ఉంచుకుని కొడుకులకు బృహస్పతి నీతి చెప్పించాడు. ఆయన చెబుతుంటే తండ్రి ఒడిలో కూర్చుని ఆమె విన్నది. ఒక ఇంట కొంతకాలం ఆశ్రయం దొరికిన విద్వాంసుడి మాట, అతని శిష్యురాలు కాని పిల్ల చెవినపడి, ఏళ్ల తర్వాత అడవిలో అక్కరకొచ్చింది. విద్వాంసుడికి చోటివ్వడం వల్ల ఎవరికి ఏం మేలు జరుగుతుందో ముందుగా లెక్కకట్టలేమని ఈ చిన్న వివరం చెప్పకనే చెబుతోంది.

ఇతర గ్రంథాలు ఇదే ప్రశ్నను వేరువేరు కోణాల్లో తీసుకున్నాయి. యాజ్ఞవల్క్య స్మృతి ఆచారాధ్యాయంలోని రాజధర్మ భాగం, ఒంటిచక్రంతో బండి నడవనట్టే పురుషకారం లేని దైవం సిద్ధించదంటుంది. అనుశాసనిక పర్వంలో భీష్ముడు దైవాన్ని విత్తనంతో, పురుషకారాన్ని పొలంతో పోలుస్తాడు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ప్రతి కర్మకూ ఐదు కారణాలు చెప్పి, దైవాన్ని ఐదోదిగా పెట్టి, తానొక్కడే కర్తనని అనుకునేవాడికి చూపు సరిగా లేదంటుంది. ఈ చివరి మాట పోస్ట్‌డాక్ దొరికినవారికి ముందు వినిపించాలి. నేను కష్టపడ్డాను, నాకు వచ్చింది అనే వాక్యంలో రెండు భాగాలూ నిజమే అయినా, మొదటిది రెండోదానికి పూర్తి కారణం కాదు.

అందరికంటే గట్టిగా పురుషకారం వైపు నిలిచేది యోగవాసిష్ఠం. ముముక్షు ప్రకరణంలో వసిష్ఠుడు రాముడితో దైవమనేది వేరే ఏదీ లేదంటాడు. మునుపు చేసిన పౌరుషమే ఇప్పుడు దైవంగా కనబడుతోందనీ, ఇప్పటి పౌరుషంతో దాన్ని గెలవవచ్చనీ ఆయన వాదన. మొదటిసారి వింటే ఇది అభ్యర్థికి ధైర్యమిచ్చే మాట. కానీ కొంచెం ఆగి చూస్తే ఒక చిక్కు కనబడుతుంది. మునుపటి పౌరుషమంటే ఎవరి పౌరుషం?

ఆ చిక్కును చూడటానికి మేరీ క్యూరీ మూల్యాంకనాన్ని కాస్త దగ్గరగా పరిశీలించాలి. ప్రతి ప్రతిపాదనకూ మూడు అంశాల్లో మార్కులు వేస్తారు. శాస్త్రీయ నాణ్యతకు 50 శాతం, ప్రభావానికి 30 శాతం, అమలుకు 20 శాతం. మొత్తం నూటికి. డెబ్బై కంటే తక్కువొస్తే లెక్కలోకి రారు. తొంభై దాటినా డబ్బు అందనివాళ్లు ఉంటారు. ఎనభై అయిదు శాతం, ఆపైన వచ్చి కూడా నిధులు దక్కనివారికి సీల్ ఆఫ్ ఎక్సలెన్స్ పేరిట ఒక ధ్రువపత్రం ఇస్తారు. ఈ ప్రతిపాదన శ్రేష్ఠమైనదనీ, నిధులు చాలక ఇవ్వలేకపోయామనీ దాని సారాంశం. అర్హత ఉండీ ఫలం రాలేదని ఒక సంస్థే ముద్ర వేసి ఇస్తున్న కాగితం అది. ద్రౌపది చెప్పిన రైతుకు ఏ మేఘమూ ఇలాంటి పత్రం ఇవ్వలేదు. దాన్ని చూపిస్తే కొన్ని దేశాల సంస్థలు తమ నిధుల్లోంచి డబ్బిస్తాయి. మిగతాచోట్ల అది కాగితంగానే ఉండిపోతుంది.

నిధులు దక్కే గీతకు ఇటూ అటూ నిలిచినవారి మధ్య తేడా ఒకటి రెండు మార్కులు, కొన్నిసార్లు అందులో పదో వంతు. ఆ తేడా తర్వాత ఏమవుతుందో నెదర్లాండ్స్‌లో ముగ్గురు సామాజిక శాస్త్రవేత్తలు లెక్కతీసి 2018లో ప్రచురించారు. పిహెచ్‌డి అయిన కొత్తల్లో ఇచ్చే ఒక గ్రాంటుకు గీత పైన కొద్దిలో గట్టెక్కినవారినీ, గీత కింద కొద్దిలో తప్పినవారినీ పోల్చారు. ప్రతిభలో ఇద్దరూ దాదాపు సమానం. కానీ తర్వాతి ఎనిమిదేళ్లలో గట్టెక్కినవారికి వచ్చిన పరిశోధన నిధులు తప్పినవారికి వచ్చినవాటి కంటే రెట్టింపుకు పైగా ఉన్నాయి. తప్పినవారిలో కొందరు మళ్లీ దరఖాస్తే పెట్టకపోవడం ఇందుకొక కారణం. ఉన్నవాడికే మరింత చేరుతుందన్న ఈ తీరును అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లోనే వర్ణించి, మత్తయి సువార్తలోని ఒక ఉపమానాన్ని బట్టి దానికి మాథ్యూ ప్రభావమని పేరు పెట్టాడు.

ఇక్కడ వసిష్ఠుడి మాట సగమే సరిపోతుంది. ఈనాడు అభ్యర్థికి దైవంగా ఎదురయ్యేది నిజంగానే మునుపు మనుషులు చేసిన పనుల ఫలితం. కానీ అందులో చాలా భాగం అభ్యర్థి చేసినవి కావు. గైడుకు విదేశీ పరిచయాలు ఉండటం, చదివిన విశ్వవిద్యాలయం పేరు అవతలివాళ్లు విని ఉండటం, ఇరవయ్యేళ్ల కింద ఎవరో ఆ విభాగంలో ఒక పరికరం కొని పెట్టడం, ఆ ఏడాది ఒక ప్రభుత్వం బడ్జెట్‌లో కోత పెట్టకపోవడం ఇలాంటివే. జిల్లా కేంద్రంలోని రాష్ట్ర విశ్వవిద్యాలయంలో, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన తరం నుంచి వచ్చి పిహెచ్‌డి చేసిన విద్యార్థినికి ఇవేవీ ఉండవు. మొదటి ఉత్తరం ఎలా రాయాలో చెప్పేవారు కూడా ఉండరు. ఆమె ఎదుర్కొంటున్నది తన పూర్వజన్మ కర్మ అనడం ధర్మశాస్త్రాన్ని తప్పుగా వాడటమే. అది ఇతరుల కర్మ. దాన్ని విడిగా చూడటం నేర్చుకోకపోతే దైవమన్న మాట అన్యాయానికి ముసుగైపోతుంది.

ఇతరుల పూర్వకర్మ మేలు కూడా చేస్తుంది. అందుకు తెలుగువారి నుంచే ఒక ఉదాహరణ ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920లలో హార్వర్డ్‌కు వెళ్లగలిగింది మామగారి సాయంతోనూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేయూతతోనూ. నాయకర్ వ్యాపారంలో గడించి దానధర్మాలకు విడిచిపెట్టిన సొమ్ము, తానెన్నడూ చూడని ఒక యువకుడికి దైవమై ఎదురొచ్చింది. బోస్టన్ చేరాక సుబ్బారావు ఆసుపత్రిలో రాత్రి పని చేసి పొట్టపోసుకున్నాడు. సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించిన పనిలో భాగస్వామి అయ్యాడు, 1930లో పిహెచ్‌డి పొందాడు. ఆ తర్వాత పదేళ్లు హార్వర్డ్‌లోనే ఉన్నా స్థిరమైన అధ్యాపక పదవి రాలేదు. దున్నడంలో, విత్తడంలో ఆయన ఎవరికీ తీసిపోలేదు.

రామానుజన్ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోదగ్గదే. మద్రాసు పోర్ట్ ట్రస్ట్ గుమాస్తాగా ఉంటూ ఆయన కేంబ్రిడ్జి గణితజ్ఞులకు ఉత్తరాలు రాశాడు. 1913 జనవరిలో రాసింది వారిలో ఒకడైన హార్డీ చదివాడు. అంతకుముందు ఇద్దరికి రాసినవి ఏ ఫలితమూ ఇవ్వలేదు. అదే ఏడాది మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధన వేతనం ఇచ్చింది. ప్రతిభ అదే, మనిషి అతనే, ఉత్తరాల్లోని గణితమూ అలాంటిదే. చదివినవారు మారారు. ఈ కథను సాధారణంగా ప్రతిభ ఎక్కడున్నా వెలుగులోకి వస్తుందనడానికి చెబుతారు. చెప్పాల్సింది అందుకు విరుద్ధం. మూడో ఉత్తరం కూడా బుట్టలో పడి ఉంటే ఈ కథే ఉండేది కాదు, అలా పడిపోయిన కథలు ఎన్నో ఎవరికీ తెలిసే వీలు లేదు.

విశ్వవిద్యాలయ జీవితంలో యాదృచ్ఛికతకున్న చోటును దాపరికం లేకుండా చెప్పిన ఆధునికుల్లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ ముందుంటాడు. 1917 నవంబరులో మ్యూనిక్ విద్యార్థుల ముందు, విద్యావృత్తి గురించి చేసిన ప్రసంగాన్ని ఆయన ఆదర్శాలతో మొదలుపెట్టలేదు, జీతం ఎవరిస్తారు, పదవి ఎలా వస్తుంది అన్న ప్రశ్నలతో మొదలుపెట్టాడు. తాను చిన్న వయసులోనే ఆచార్యుడు కావడం వెనుక అదృష్టం ఉందనీ, తనకంటే ఎక్కువ పనిచేసిన తోటివారికి అది దక్కలేదనీ ఒప్పుకున్నాడు. తనకంటే తక్కువవారు ఏటా తనను దాటిపోతుంటే మనసు చేదెక్కకుండా తట్టుకోగలవా అని ప్రతి యువ పరిశోధకుణ్ణీ అడగాలన్నాడు. నిజాయితీగా అడిగిన ప్రశ్నే. కానీ ఆ ప్రశ్నలో ఒక లోటుంది. తట్టుకునే భారమంతా యువకుడి మీదే పెట్టి, ఆ ఏర్పాటు అలాగే ఉండాలా అని అది అడగదు.

మన దగ్గర ఆ లోటు నిష్కామ కర్మ పేరుతో కనబడుతుంది. ఫలితం గురించి ఆలోచించకు, నీ పని నువ్వు చెయ్యి అని పోస్ట్‌డాక్ రాని పరిశోధకుడికి పెద్దలు చెప్పే మాట చెడ్డది కాదు. పరిశోధన చేసేటప్పుడు నిజంగానే ఆ నిష్ఠ కావాలి. ఫెలోషిప్ తెస్తుందా తేదా అని చూసి ప్రశ్నలు ఎంచుకునేవారికి మంచి ప్రశ్న దొరకదు. ప్రయోగం మనం వద్దనుకున్న ఫలితాన్నే చూపినప్పుడు దాన్ని దాచకుండా రాయాలంటే ఫలాసక్తి సడలాలి. గీతోపదేశం ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. అయితే ఆ ఉపదేశం కర్తకు చెప్పినది. ఫలాన్ని పంచే అధికారం చేతిలో ఉన్నవాడికి చెప్పినది కాదు. జీతం పెంచమని అడిగిన పోస్ట్‌డాక్‌కు నిష్కామ కర్మ బోధించే హక్కు ఆ జీతం నిర్ణయించే కమిటీకి లేదు. తన ఫలాపేక్షను తానే వదులుకుంటే అది యోగం. ఎదుటివాడు వదులుకోవాలని కోరేవాడు తనకు రావలసిన లాభాన్ని చూసుకుంటున్నాడు. పైగా పోస్ట్‌డాక్ కోరేవారు కోరుతున్నది ఫలం కూడా కాదనవచ్చు. ప్రయోగశాల, గ్రంథాలయం, నెలనెలా అద్దె కట్టగలిగే వేతనం కర్మకు సాధనాలు. గీత చెప్పిన ఐదు కారణాల్లో అవి కరణాల కిందికి వస్తాయి. నాగలి అడిగినవాణ్ణి పంట మీద ఆశ వదులుకోమంటే పొసగదు.

దీనికి, పదవి లేకుండానే పని చేసుకోవచ్చునన్న తత్వవేత్త స్పినోజా తరహా జవాబు ఒకటి ఉంది. 1673లో హైడెల్‌బెర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి ఇస్తామన్నా ఆయన స్వేచ్ఛ పోతుందేమోనని కాదన్నాడు, కటకాలు సానపడుతూ తత్వం రాసుకున్నాడు. తత్వశాస్త్రంలో ఆ దారి ఇప్పటికీ కొంత తెరిచే ఉంది. కణ జీవశాస్త్రంలో లేదు. సాధనాలు సంస్థల చేతిలో ఉన్న చోట, ఆ సంస్థల ఎంపిక పద్ధతి ధర్మాధర్మ విచారణకు లోబడాల్సిందే.

ద్రౌపది ఉదాహరణలో మేఘాన్ని ఎవరూ నిలదీయలేరు. పోస్ట్‌డాక్ విషయంలో మేఘం మనుషులు రాసిన నిబంధనల్లో ఉంది. మన నేషనల్ పోస్ట్‌డాక్టొరల్ ఫెలోషిప్‌కు గరిష్ఠ వయసు 35 ఏళ్లు. మహిళలకూ, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అభ్యర్థులకూ, వికలాంగులకూ ఐదేళ్ల సడలింపు ఉంది. ఆ సడలింపు ఎవరో అడిగితే వచ్చిందే, ఆకాశం నుంచి పడలేదు. మేరీ క్యూరీ నిబంధన ప్రకారం అభ్యర్థి గడువుకు ముందటి 36 నెలల్లో 12 నెలలకు మించి ఆతిథ్య దేశంలో ఉండి ఉండకూడదు. కొత్త చోట్లకు వెళ్లి నేర్చుకోవాలన్న ఉద్దేశం మంచిదే. చంటిపిల్లలున్నవారికి, ముసలి తల్లిదండ్రులను చూసుకోవాల్సినవారికి ఆ నిబంధన తలుపు మూసినంత పని చేస్తుంది. జర్మనీలో 2007 నాటి చట్టం పిహెచ్‌డికి ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు మాత్రమే తాత్కాలిక కాంట్రాక్టులకు అనుమతిస్తుంది. వైద్యరంగంలో తర్వాతి గడువు తొమ్మిదేళ్లు. యువకులను ఎల్లకాలం తాత్కాలికంగా ఉంచకూడదని చేసిన చట్టం, స్థిరమైన పదవులు పెరగకపోవడంతో, గడువు తీరినవాళ్లను బయటికి నెట్టే చట్టమైంది. దాన్ని సమర్థిస్తూ మంత్రిత్వశాఖ చేసిన వీడియోలో హానా అనే కల్పిత పరిశోధకురాలు ఉంది. 2021లో వేలమంది పరిశోధకులు హానాను నేనే అంటూ తమ బతుకులు బయటపెట్టారు.

నిబంధనలను మార్చుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. ఖగోళ శాస్త్రంలో పోస్ట్‌డాక్ ఇస్తామన్న సంస్థలు ఫిబ్రవరి 15 లోపు జవాబు చెప్పమని అభ్యర్థిని ఒత్తిడి చేయకూడదన్న ఒప్పందం ఉంది. మంచి అవకాశం కోసం ఎదురుచూడాలా, చేతిలో ఉన్నది పట్టుకోవాలా అని డిసెంబరులో నలిగిపోయే దుస్థితిని ఆ ఒక్క తేదీ చాలావరకు తీసేసింది. ఇంకా సాహసమైన మార్పు స్విట్జర్లాండ్‌లో వచ్చింది. అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌లలోనే మొదట ప్రయోగాత్మకంగా, తర్వాత 2021 నుంచి ఇతర పథకాల్లో కూడా, మూల్యాంకనంలో తేడా చెప్పలేనంత దగ్గరగా నిలిచిన ప్రతిపాదనలను చీట్లు వేసి తేలుస్తోంది.

చదువును చీట్లాటగా మార్చారని దీన్ని ఆక్షేపించినవారున్నారు. కానీ మన వైపు ఇది కొత్త కాదు. పదో శతాబ్ది తొలినాళ్లలో, పరాంతక చోళుడి కాలంలో వేయించిన ఉత్తరమేరూరు శాసనాలు గ్రామసభ కమిటీలకు సభ్యులను ఎన్నుకునే తీరు చెబుతాయి. ముందు అర్హతలు చూస్తారు: పన్ను కట్టే భూమి, సొంత స్థలంలో ఇల్లు, 35కూ 70కీ మధ్య వయసు, వేదజ్ఞానం. అర్హులైనవారి పేర్లు తాటాకు ముక్కల మీద రాసి కుండలో వేసి, అందరూ చూస్తుండగా ఒక చిన్న పిల్లవాడి చేత తీయిస్తారు. ఆ అర్హతలు ఆనాటి అగ్రహారపు కులపు హద్దుల్లోవే, వాటిని మెచ్చుకోనక్కర్లేదు. పద్ధతి వెనకున్న ఆలోచన మాత్రం గట్టిది. మనిషి వివేకం ఎంతవరకు పనిచేస్తుందో అంతవరకు దాన్ని వాడాలి. అది ఆగిన చోట యాదృచ్ఛికతను బాహాటంగా కుండలో పెట్టాలి. లేకుంటే ఆ ఖాళీలోకి బంధుత్వం, ముఖపరిచయం, విశ్వవిద్యాలయం పేరు దొంగదారిన వస్తాయి. చీటీలో పోయినవాడు నాకు అర్హత లేదని కుంగిపోడు, వచ్చినవాడు నాకే అర్హత ఉందని విర్రవీగడు. గీత ఐదో కారణమన్న దైవాన్ని ఎవరికీ కనబడకుండా దాచడం కంటే ఇలా కుండలో పెట్టి చూపడం సత్యానికి దగ్గర.

ఎంపిక చేసేవారి ధర్మంలో చిన్నవి కూడా కొన్ని ఉన్నాయి. ముందే మనిషిని అనుకుని ఉంటే లాంఛనం కోసం ప్రకటన ఇవ్వకపోవడం, వచ్చిన దరఖాస్తుకు అవుననో కాదనో రెండు వాక్యాలు రాయడం, సిఫారసు లేఖను గడువులోగా పంపడం. ఆచార్యుడికి అవి పది నిమిషాల పనులు. అవతల ఒకరి ఏడాది వాటి మీద ఆధారపడి ఉంటుంది.

మిగిలింది, ఎన్నాళ్లు వెతకాలన్న ప్రశ్న. అమెరికాలో 2014లో జాతీయ అకాడమీల కమిటీ ఒకటి పోస్ట్‌డాక్ దశ మొత్తం ఐదేళ్లకు మించకూడదని సిఫారసు చేసింది. ఎప్పుడు ఆపాలో ఏ శాస్త్రమూ సంఖ్యలో చెప్పదు గానీ, గీత పద్దెనిమిదో అధ్యాయంలోని త్యాగ విభాగం ఆ నిర్ణయానికి ఒక కొలత ఇస్తుంది. చేయాల్సిన పనిని మోహంతో వదిలేయడం తామసం, కష్టమని భయపడి వదిలేయడం రాజసం, పని చేస్తూనే దాని మీది మమకారాన్ని వదలడం సాత్త్వికం. దీన్ని పట్టుకుని, విశ్వవిద్యాలయాన్ని విడిచిపెట్టడమంటే కష్టానికి జంకడమేనని కొందరు తీర్పు చెబుతారు. ఆ తీర్పు చేయాల్సిన పని ఏదో తప్పుగా గుర్తిస్తోంది. జ్ఞానాన్వేషణ కర్తవ్యమైతే, పదవి ఆ కర్తవ్యం నడిచే చోట్లలో ఒకటి. మూడోసారి కాదన్న జవాబు వచ్చాక అభ్యర్థి తేల్చుకోవాల్సింది, తాను వదలబోతున్నది ప్రశ్ననా, ఆ భవనాన్నా అని. ప్రశ్న మీద ఇష్టం మిగిలి, ఇల్లు గడిచే మార్గం మిగిలితే ఇంకో ఏడాది వెతకడం సబబే. ఇల్లు గడవక, ఆరోగ్యం చెడి, తలుపు తట్టడమే పనైపోయి, ప్రశ్నను తలచుకునే తీరిక లేకుండా పోతే, అక్కడే ఉండిపోవడం కూడా మోహమే కావచ్చు.

సుబ్బారావు 1940లో హార్వర్డ్ విడిచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనశాలకు వెళ్లాడు. 1948లో మరణించేదాకా అక్కడే పనిచేశాడు. ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ, బోదకాలుకు వాడే డైఇథైల్‌కార్బమజైన్, పిల్లల ల్యుకేమియాను తొలిసారి తాత్కాలికంగానైనా వెనక్కు తగ్గించిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ అన్నీ ఆయన నడిపిన ఆ శాల నుంచి వచ్చినవే.